ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లో ఒక్క నోడ్‌కే పాత ఫైలు కనిపిస్తోంది, మధ్యమధ్యలో ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ కూడా

గోదారి_అడ్మిన్ · పోస్టు 1

అందరికీ నమస్కారం. సెటప్ ఇదీ: ఫైల్ సర్వర్ డెబియన్ 12 (లినక్స్), డిస్కు ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. దాని మీదున్న /ఎస్ఆర్‌వీ/షేర్డ్ ఫోల్డర్‌ని మూడు లినక్స్ నోడ్లు (క్లయింట్ మెషీన్లు) ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) వెర్షన్ 3తో మౌంట్ చేసుకుంటున్నాయి, అంటే తమ సొంత ఫోల్డర్‌లా తగిలించుకుంటున్నాయి. ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల జాబితా ఫైల్) వెర్స్=3, ఆర్‌డబ్ల్యూ, హార్డ్ తప్ప వేరే ఆప్షన్ ఏదీ ఇవ్వలేదు.

ఇబ్బందులు మూడు.

ఒకటి, సెట్టింగ్స్ ఫైల్‌ని నోడ్ 1లో మార్చి సేవ్ చేస్తే నోడ్ 2 వెంటనే అందుకుంటోంది. నోడ్ 3లో నడిచే డెమన్ (వెనక నిరంతరం నడిచే ప్రోగ్రాం) మాత్రం ఒక్కోసారి దాదాపు నిమిషం దాకా పాతదే వాడుతోంది.

రెండు, క్యూ ఫోల్డర్‌లో నోడ్ 1 కొత్త ఫైల్ పెట్టాక నోడ్ 3లో దాన్ని తెరవబోతే ‘అలాంటి ఫైల్ లేదు’ అంటోంది. కాసేపటికి దానంతట అదే దొరుకుతోంది.

మూడు, నోడ్ 3లో బొమ్మల సైజు మార్చే ప్రోగ్రాం లాగ్‌లో అప్పుడప్పుడు ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’, ఎర్రర్ నంబరు 116.

డ్రాప్‌క్యాషెస్‌లో (కెర్నల్ క్యాష్‌లు ఖాళీ చేయించే ఫైల్) 3 రాస్తే మొదటి రెండూ అప్పటికి పోతున్నాయి. దాన్ని క్రాన్‌లో (వేళకి పనులు నడిపే సర్వీసు) పెట్టడం తప్పని తెలుసు. నోఏసీ (ఫైల్ వివరాల్ని క్యాష్ చేయొద్దనే ఆప్షన్) పెట్టి మౌంట్ చేస్తే మూడూ తీరతాయా?

పాత_పెంగ్విన్ · పోస్టు 2

మూడూ తీరవు. మొదటి రెండూ క్యాష్ సంగతి. మూడోది క్యాష్ కాదు, హ్యాండిల్ (ఫైల్‌కి సర్వర్ ఇచ్చే గుర్తు) సంగతి. రెంటికీ ‘స్టేల్’ అనే పేరు ఉండటం వల్ల జనం ఒకే మందు వెతుకుతారు. ముందు వీటిని విడదీయాలి.

ముందుగా డ్రాప్‌క్యాషెస్ ఆపేయండి. అది సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. సమస్య కనిపించిన క్షణంలో ఈ వరస తప్పకుండా చేయండి:

మొదట ఫైల్ సర్వర్ మీదే, నేరుగా డిస్కులో, ఆ ఫైల్‌కి స్టాట్ (ఫైల్ వివరాలు చూపే కమాండ్) కొట్టి ఐనోడ్ నంబరు (డిస్కులో ఆ ఫైల్‌కి ఉండే సొంత నంబరు), సైజు, మార్పు సమయం రాసుకోండి. తర్వాత నోడ్ 3లో అదే స్టాట్. ఇక్కడ ఫైల్‌ని క్యాట్ చేయకూడదు, ఎడిటర్‌లో తెరవకూడదు. మూడోది, ఇప్పుడు నోడ్ 3లో షా256సమ్ (లోపలి సమాచారానికి చెక్‌సమ్ లెక్కేసే కమాండ్) కొట్టి సర్వర్‌లో వచ్చిన దానితో పోల్చండి. నాలుగోది, నోడ్ 3లో మళ్లీ స్టాట్.

రెండో అడుగులో పాత సైజు వచ్చి, నాలుగో అడుగులో కొత్తది వస్తే అది ఆట్రిబ్యూట్ క్యాష్ (సైజు, సమయం లాంటి వివరాల క్యాష్). ఐనోడ్ నంబరే తేడాగా ఉంటే ఫోల్డర్ తాలూకు పేర్ల క్యాష్. స్టాట్ అంతా సరిపోయి షా256 ఒక్కటే తేడా వస్తే అది వేరే కేసు, అప్పుడు చెప్పండి.

అలాగే మూడు నోడ్లలోనూ ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ -ఎం కొట్టండి. ఎఫ్‌స్టాబ్‌లో ఏం రాశామన్నది కాదు, కెర్నల్ నిజంగా ఏ ఆప్షన్లతో నడుస్తోందన్నది అక్కడే కనిపిస్తుంది. నోక్టో (తెరిచేటప్పుడు సరిచూడటం ఆపేది), నోలాక్ అనే మాటలు ఉన్నాయేమో ముఖ్యంగా చూడండి.

గోదారి_అడ్మిన్ · పోస్టు 3

చేశాను. సర్వర్‌లో సైజు 2214. నోడ్ 3లో మొదటి స్టాట్: ఐనోడ్ అదే, సైజు 2198, సమయం నిన్నటిది. షా256 మాత్రం సర్వర్‌తో సరిపోయింది. ఆ తర్వాత స్టాట్ కొడితే 2214.

మూడు నోడ్లలోనూ ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ ఒకేలా ఉంది. నోక్టో లేదు, నోలాక్ లేదు.

కెర్నల్‌పేట · పోస్టు 4

అయితే మీ ఎన్‌ఎఫ్‌ఎస్ చెడిపోలేదండీ, ఇచ్చిన మాట ప్రకారమే పనిచేస్తోంది. ఆ మాట ఏమిటో తెలిస్తే మిగతాది సులువు.

ఎన్‌ఎఫ్‌ఎస్ హామీ ఇచ్చేది ఒక్కటే: ఒక నోడ్ ఫైల్‌లో రాసి మూసేశాక, ఇంకో నోడ్ దాన్ని తెరిస్తే, కొత్తదే కనిపిస్తుంది. మూసేటప్పుడు క్లయింట్ తన దగ్గర మిగిలిన రాతలన్నీ సర్వర్‌కి పంపేస్తుంది. తెరిచేటప్పుడు సర్వర్‌ని గెట్ఆట్రిబ్యూట్ (ఫైల్ వివరాలు చెప్పమనే ప్రశ్న) అడిగి, సమయం గానీ సైజు గానీ మారి ఉంటే తన పేజీ క్యాష్‌ని (చదివి దాచుకున్న సమాచారాన్ని) పారేస్తుంది. ఈ రెండు చోట్లా తప్ప మధ్యలో ఎక్కడా హామీ లేదు.

స్టాట్ అంటే తెరవడం కాదు. మీ మొదటి స్టాట్‌కి క్లయింట్ సర్వర్‌ని అడగనే లేదు, తన దగ్గరున్న పాత జవాబు చెప్పింది. షా256సమ్ ఫైల్‌ని తెరిచింది కాబట్టి అక్కడ గెట్ఆట్రిబ్యూట్ వెళ్లింది, దాంతో ఆట్రిబ్యూట్లు తాజా అయ్యాయి. అందుకే రెండో స్టాట్ సరిగ్గా వచ్చింది. ‘చూద్దామని క్యాట్ కొడితే బాగానే ఉంటుంది, ప్రోగ్రాంకి మాత్రం పాతదే కనిపిస్తుంది’ అనే ఫిర్యాదుకి అసలు కారణం నూటికి తొంభై సార్లు ఇదే.

పాత జవాబు ఎంతసేపు చెబుతుంది? మామూలు ఫైళ్లకి యాక్‌రెగ్‌మిన్ 3 సెకన్లు, యాక్‌రెగ్‌మ్యాక్స్ 60 సెకన్లు. ఫోల్డర్లకి యాక్‌డిర్‌మిన్ 30, యాక్‌డిర్‌మ్యాక్స్ 60. ఇవి డిఫాల్టులు. గడువు 3 దగ్గర మొదలై, అడిగిన ప్రతిసారీ ఫైల్ మారలేదని తేలితే రెట్టింపవుతూ 60 దాకా పోతుంది. మార్పు కనిపిస్తే మళ్లీ 3కి దిగుతుంది. అంటే తరచూ మారే ఫైల్‌కి ఆలస్యం తక్కువ, ఎప్పుడో గానీ మారని సెట్టింగ్స్ ఫైల్‌కే ఆలస్యం ఎక్కువ. మీ ‘దాదాపు నిమిషం’ అక్కడి నుంచే వచ్చింది.

నోడ్ 3 డెమన్ ఫైల్ మారిందో లేదో ఎలా తెలుసుకుంటోంది? స్టాట్‌తో మార్పు సమయం పోల్చుతోందని నా అనుమానం. నోడ్ 2లోది ప్రతి రిక్వెస్టుకీ ఫైల్ తెరుస్తూ ఉండాలి.

నైజాం_నెట్‌వర్క్ · పోస్టు 5

ఇంత తతంగం ఎందుకు, నోఏసీ పెడితే ఆట్రిబ్యూట్ క్యాషే ఉండదు కదా. మూడు నోడ్లే, లోడ్ ఎంతుంటుంది?

కెర్నల్‌పేట · పోస్టు 6

నోఏసీ పేరుకి ఒక్క ఆప్షనే గానీ అది రెండు పనులు చేస్తుంది. ఆట్రిబ్యూట్ గడువులన్నీ సున్నా చేస్తుంది, దాంతోపాటు ప్రతి రాతనీ సింక్ చేస్తుంది. అంటే ప్రోగ్రాం 4 కేబీ రాసినప్పుడల్లా సర్వర్ ‘డిస్కులో పడింది’ అనేదాకా ఆగాలి. రాతలు కలిపి పెద్ద ముక్కగా పంపే అవకాశం పోతుంది.

స్టాట్ ఖర్చు కూడా లెక్కేయండి. షేర్‌లో 40,000 ఫైళ్ల సోర్స్ చెట్టు ఉందనుకుందాం. రౌండ్ ట్రిప్ (సర్వర్‌ని అడిగి జవాబు వచ్చే సమయం) అర మిల్లీసెకను. గిట్ స్టేటస్ ఒక్కో ఫైల్‌నీ వరసగా స్టాట్ చేస్తే 20 సెకన్లు నెట్‌వర్క్ మీదే పోతాయి. క్యాష్‌తో అయితే రెండోసారికి ఆ ఖర్చే ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, నోఏసీ పెట్టినా రెండు నోడ్లు ఒకే ఫైల్‌ని ఒకేసారి తెరిచి రాసుకుంటే వాటి మధ్య వరస కుదరదు. దానికి లాక్ కావాల్సిందే. ఫైల్ లాక్ దొరికినప్పుడు క్లయింట్ తన క్యాష్‌ని సర్వర్‌తో సరిచూసుకుంటుంది, వదిలేటప్పుడు రాతలు పంపేస్తుంది. నిజంగా పంచుకుని రాసే ఫైళ్లకి సరైన దారి అదే. నోలాక్ ఉందేమో చూడమని పాత_పెంగ్విన్ గారు అడిగింది అందుకే: అది ఉంటే లాక్ ఆ నోడ్‌కే పరిమితం, పక్క నోడ్‌కి దాని ఊసే తెలియదు.

నైజాం_నెట్‌వర్క్ · పోస్టు 7

సింక్ కూడా అందులోనే ఉందని గమనించలేదు, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. యాక్‌టైమియో=3 పెడితే? నాలుగు గడువులూ 3 అవుతాయి, రాతల మీద ప్రభావం ఉండదు.

కెర్నల్‌పేట · పోస్టు 8

అది సబబే, ప్రోగ్రాం మార్చే వీలు లేని చోట నేనూ అదే పెడతాను. ఒక జాగ్రత్త: రీమౌంట్‌తో ఈ గడువులు మారవు. పూర్తిగా అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాలి, ఆపైన ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ -ఎంలో సరిచూసుకోవాలి.

పైథాన్_పల్లె · పోస్టు 9

డెమన్ కోడ్ మీ చేతిలో ఉంటే మౌంట్ జోలికి పోకుండానే తీరుతుంది. దారి పేరు మీద స్టాట్ కొట్టే బదులు, ఫైల్‌ని ఓపెన్ చేసి, ఆ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి వచ్చే నంబరు) మీద ఎఫ్‌స్టాట్ కొట్టి, మూసేయండి. ఓపెన్ చేసినప్పుడల్లా సర్వర్‌కి ఒక గెట్ఆట్రిబ్యూట్ వెళుతుంది. 5 సెకన్లకోసారి చేసినా నిమిషానికి 12 ప్రశ్నలు, సర్వర్‌కి లెక్కలోకే రావు.

ఫైల్‌ని ఒకసారి తెరిచి డిస్క్రిప్టర్‌ని అలాగే ఉంచుకుని దాని మీదే ఎఫ్‌స్టాట్ కొడుతూ ఉంటే లాభం లేదు, అది మళ్లీ క్యాష్ జవాబే. ప్రతిసారీ కొత్తగా తెరవాలి. ఎంమ్యాప్ చేసి (మెమరీకి తగిలించి) ఉంచుకున్న ఫైల్‌కి కూడా ఇదే లోపం.

ఇంకోటి, ఐనోటిఫై (ఫైల్ మారితే కబురు చెప్పే కెర్నల్ సదుపాయం) వాడుతున్నారేమో చూడండి. నోడ్ 1లో జరిగిన మార్పుకి నోడ్ 3 కెర్నల్‌లో ఏ ఈవెంటూ పుట్టదు. ఆ నోడ్‌లోనే జరిగిన మార్పులకి వస్తుంది కాబట్టి టెస్టులో పనిచేసినట్టు కనిపిస్తుంది, ప్రొడక్షన్‌లో నిలువునా మోసం చేస్తుంది.

రాసే వైపు కూడా సరిచేయాలి. ఉన్న ఫైల్‌లోనే రాస్తే నోడ్ 2 సగం రాసిన సెట్టింగ్స్ ఫైల్ చదివే ప్రమాదం ఉంది. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి (రాతల్ని డిస్కుకి చేర్చి), మూసి, ఆ తర్వాత రీనేమ్ చేయండి. తాత్కాలిక ఫైల్‌ని /టీఎంపీలో పెడితే, అది షేర్ బయటిది కాబట్టి ఎంవీ (పేరు మార్చే కమాండ్) నిజానికి కాపీ చేసి చెరిపేస్తుంది, అప్పుడు ఒక్క దెబ్బతో మారడం ఉండదు.

గోదారి_అడ్మిన్ · పోస్టు 10

అనుమానం నిజమే. డెమన్ ఐనోటిఫై వాడుతోంది, దానికి తోడుగా 5 సెకన్లకోసారి స్టాట్. నోడ్ 2లో ప్రతి రిక్వెస్టుకీ ఫైల్ తెరుస్తున్నారు.

ఓపెన్, ఎఫ్‌స్టాట్ పద్ధతికి మార్చి ఇరవై సార్లు పరీక్షించాను. ప్రతిసారీ 5 సెకన్లలోపే అందుకుంది.

రీనేమ్ గురించి ఒక సందేహం. పాత సెట్టింగ్స్ ఫైల్‌ని ముందు .పాత అనే పేరుకి ఎంవీ చేసి, తర్వాత కొత్తది పెడదామనుకుంటున్నాను. ఫర్వాలేదా?

పాత_పెంగ్విన్ · పోస్టు 11

వద్దండీ, అందులో ఒక గొయ్యి ఉంది. నోడ్ 3 దగ్గర ‘ఈ పేరు అంటే ఈ ఐనోడ్’ అని ఫోల్డర్ క్యాష్ ఉంటుంది, దాని గడువు 30 నుంచి 60 సెకన్లు. వెర్షన్ 3లో ఫైల్ తెరిచేటప్పుడు క్లయింట్ ఆ గుర్తున్న ఐనోడ్ గురించే సర్వర్‌ని అడుగుతుంది. మీరు పాతదాన్ని వేరే పేరుకి మార్చి బతికించి ఉంచితే, సర్వర్ ‘అవును, ఆ ఐనోడ్ ఉంది’ అంటుంది. క్లయింట్ దాన్నే తెరుస్తుంది. తెరిచినా పాతదే వచ్చే అరుదైన సందర్భం ఇది.

అదే మీరు కొత్తదాన్ని పాతదాని మీదికి నేరుగా రీనేమ్ చేస్తే పాత ఐనోడ్ చచ్చిపోతుంది. సర్వర్ స్టేల్ అంటుంది, కెర్నల్ తనంతట తాను పేరుని మళ్లీ వెతుక్కుని కొత్తదాన్ని తెరుస్తుంది. ప్రోగ్రాంకి ఆ ఎర్రర్ తెలియనే తెలియదు. బ్యాకప్ కావాలంటే ముందు సీపీ (కాపీ) కొట్టి ఉంచుకోండి, ఎంవీ కాదు, హార్డ్ లింక్ (అదే ఐనోడ్‌కి ఇంకో పేరు) కూడా కాదు.

మీ రెండో ఇబ్బంది కూడా ఈ కుటుంబంలోదే. నోడ్ 3 క్యూ ఫోల్డర్‌లో ఒక పేరుని అది పుట్టకముందే వెతికింది. ‘లేదు’ అనే జవాబు కూడా క్యాష్ అవుతుంది. నోడ్ 1 తర్వాత ఫైల్ పెట్టినా, ఫోల్డర్ గడువు తీరేదాకా నోడ్ 3 ‘లేదు’ అనే అంటుంది. దీనికి క్యూ ఫోల్డర్ మౌంట్‌లో లుకప్‌క్యాష్=పాజిటివ్ పెట్టండి. ఉన్న పేర్లు క్యాష్ అవుతాయి, లేని పేర్లని మాత్రం ప్రతిసారీ సర్వర్‌ని అడుగుతుంది. ఒకే పేరు కోసం పదేపదే ఎదురుచూసే ప్రోగ్రాంలకి ఇది చవకైన మందు. లుకప్‌క్యాష్=నన్ దాకా పోవద్దు, దారిలోని ప్రతి ఫోల్డర్ పేరుకీ సర్వర్ దగ్గరికి పరిగెత్తాల్సి వస్తుంది.

స్టోరేజ్_సావిడి · పోస్టు 12

మూడోదానికి నేను చెబుతాను. హ్యాండిల్ అంటే ఏమిటో ముందు చూద్దాం. క్లయింట్ ఫైల్‌ని పేరుతో కాదు, సర్వర్ ఇచ్చిన ఒక గుర్తుతో చదువుతుంది. ఆ గుర్తులో మామూలుగా మూడు ఉంటాయి: ఏ ఫైల్ సిస్టమ్, ఏ ఐనోడ్ నంబరు, ఆ ఐనోడ్‌ది ఎన్నో తరం. ఐనోడ్ నంబరుని ఇంకో ఫైల్‌కి మళ్లీ వాడినా తరం మారుతుంది కాబట్టి పాత గుర్తు చెల్లదు. చెల్లని గుర్తు చూపిస్తే వచ్చేదే 116.

నోడ్ 3 తెరిచి చదువుతున్న బొమ్మని వేరే నోడ్ నుంచి ఎవరో చెరిపేస్తూ ఉండాలి. లోకల్ డిస్కులో అయితే తెరిచి ఉన్న ఫైల్‌ని చెరిపినా చదువుతున్నవాడికి ఇబ్బంది లేదు. వెర్షన్ 3 సర్వర్‌కి ఎవరు ఏది తెరిచారో తెలియదు, చెరపమంటే చెరిపేస్తుంది. అదే నోడ్‌లోంచి చెరిపితే మాత్రం క్లయింటే చూసుకుని, ఫైల్‌ని .ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలయ్యే దాపు పేరుకి మార్చి, మూసేశాక చెరుపుతుంది. అలాంటి ఫైళ్లు కనిపిస్తే చేత్తో తీసేయకండి. ఏ నోడ్‌లో ఏ ప్రాసెస్ పట్టుకుందో ఎల్‌ఎస్ఓఎఫ్‌తో చూసి దాన్ని ముగించండి. నోడ్ అర్ధాంతరంగా ఆగిపోతే మాత్రం అవి అనాథలుగా మిగులుతాయి, అప్పుడు వారం దాటినవి తీసేయొచ్చు.

మీ క్లీనప్ స్క్రిప్టు ఏ నోడ్‌లో నడుస్తోంది? ఎంత పాతవి చెరుపుతోంది?

గోదారి_అడ్మిన్ · పోస్టు 13

నోడ్ 1లో క్రాన్, 10 నిమిషాలు దాటినవి చెరుపుతుంది. పెద్ద బొమ్మలు క్యూలో అంతకంటే ఎక్కువసేపే ఉంటాయి. దొరికిపోయింది.

ఇంకొకటి. సర్వర్‌ని రీబూట్ చేసినప్పుడు ఒకసారి మూడు నోడ్లలోనూ డీఎఫ్ (డిస్కులో ఖాళీ చూపే కమాండ్) కొడితే మొత్తం మౌంట్‌కే స్టేల్ ఫైల్ హ్యాండిల్ వచ్చింది. అది కూడా ఇదేనా?

స్టోరేజ్_సావిడి · పోస్టు 14

కాదు. ఒక ఫైల్‌కి వస్తే ఎవరో చెరిపారు. మౌంట్ మొత్తానికి వస్తే ఫైల్ సిస్టమ్ గుర్తే మారింది. మామూలు రీబూట్‌తో ఇది రాకూడదు. ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

ఎక్కువగా జరిగేది: డేటా డిస్కు మౌంట్ కాకముందే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ లేచింది. అప్పుడు ఎక్స్‌పోర్ట్ అయ్యేది (క్లయింట్లకి పంచేది) రూట్ డిస్కులోని ఖాళీ ఫోల్డర్. క్లయింట్లు పట్టుకున్న హ్యాండిళ్లు అందులో ఉండవు. దీనికి /ఈటీసీ/ఎక్స్‌పోర్ట్స్ వరసలో ఎంపీ అనే ఆప్షన్ చేర్చండి. ఆ దారి నిజంగా మౌంట్ అయి ఉంటేనే ఎక్స్‌పోర్ట్ అవుతుంది. సిస్టమ్‌డీ (సర్వీసుల్ని వరసగా లేపే ప్రోగ్రాం) యూనిట్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ కూడా పెట్టండి, అప్పుడు వరస తప్పదు.

రెండోది, యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు నంబరు) లేని ఫైల్ సిస్టమ్‌ని ఎక్స్‌పోర్ట్ చేయడం. దానికి ఎఫ్‌ఎస్ఐడీ=11 లాంటి నంబరు మనమే ఇవ్వాలి. ఒక్కో ఎక్స్‌పోర్ట్‌కి ఒక్కో నంబరు. 0 మాత్రం ఇవ్వకండి, వెర్షన్ 4లో అది మూలానికి కేటాయించిన గుర్తు.

మూడోది, డిస్కుని కొత్తగా ఫార్మాట్ చేసి బ్యాకప్ దించడం. ఇక్కడ ఎఫ్‌ఎస్ఐడీ అదే ఇచ్చినా ఫలితం ఉండదు, ఐనోడ్లూ తరాలూ మారిపోయాయి. క్లయింట్లన్నీ మళ్లీ మౌంట్ చేసుకోవాల్సిందే.

పాత ఎక్స్‌పోర్ట్స్ ఫైళ్లలో సబ్‌ట్రీ_చెక్ ఉంటే తీసి నో_సబ్‌ట్రీ_చెక్ పెట్టండి. సబ్‌ట్రీ_చెక్ ఉంటే, తెరిచి ఉన్న ఫైల్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చినా స్టేల్ వస్తుంది.

క్లయింట్ వైపు: ముందు మామూలు అన్‌మౌంట్ ప్రయత్నించండి. ‘బిజీ’ అంటే ఎవరు పట్టుకున్నారో చూసి ఆ సర్వీసు ఆపండి. అన్‌మౌంట్‌కి -ఎల్ ఇవ్వడం చివరి దారి. అది పేరుని మాత్రమే విడదీస్తుంది, పాత ప్రాసెస్‌లు పాత మౌంట్‌నే పట్టుకుని వేలాడతాయి. ఆపైన కొత్తగా మౌంట్ చేస్తే ఒకే దారిలో రెండు లోకాలు నడుస్తుంటాయి. -ఎల్ వాడితే ఆ షేర్ ముట్టుకునే సర్వీసులన్నీ రీస్టార్ట్ చేయడం తప్పనిసరి.

షెల్‌లో ఒక్క ఫోల్డర్‌కే స్టేల్ వస్తే ఇవేవీ అక్కర్లేదు. బయటికి వెళ్లి పూర్తి దారితో మళ్లీ సీడీ కొడితే చాలు.

పైథాన్_పల్లె · పోస్టు 15

వెతుక్కుంటూ ఈ చర్చకి వచ్చేవాళ్ల కోసం ఒక చేర్పు. నోడ్లలో పీహెచ్‌పీ ఉంటే నింద ఎన్‌ఎఫ్‌ఎస్ మీద వేసే ముందు ఆప్‌క్యాష్ (పీహెచ్‌పీ కోడ్‌ని క్యాష్ చేసేది) చూడండి. అది డిఫాల్టుగా 2 సెకన్లకోసారి ఫైల్ సమయం చూస్తుంది, వ్యాలిడేట్_టైమ్‌స్టాంప్స్ ఆపేసి ఉంటే అసలు చూడదు. రియల్‌పాత్ క్యాష్ (దారి పేరు అసలు ఎక్కడికి పోతుందో గుర్తుంచుకునేది) గడువు 120 సెకన్లు, కాబట్టి సింలింక్ తిప్పి డిప్లాయ్ చేసేచోట రెండు నిమిషాలు పాత కోడ్ నడవొచ్చు. తేడా తెలుసుకోవడం తేలిక: డ్రాప్‌క్యాషెస్‌తో పోతే కెర్నల్, పోకుండా పీహెచ్‌పీ రీలోడ్‌తో పోతే ఆప్‌క్యాష్.

అలాగే ఆర్‌సింక్ (మారిన ఫైళ్లనే కాపీ చేసే కమాండ్). సైజూ సమయమూ కలిస్తే లోపల తేడా ఉన్నా ఫైల్‌ని వదిలేస్తుంది. అనుమానం ఉంటే -సి ఇచ్చి చెక్‌సమ్‌తో పోల్చమనండి.

కెర్నల్‌పేట · పోస్టు 16

పోస్టు 2లో చివరి కేసు మిగిలిపోయింది: స్టాట్ అంతా సరిపోయి లోపలి సమాచారం మాత్రం తేడా రావడం. వెర్షన్ 3 క్లయింట్ మార్పుని సమయం, సైజు చూసే కనిపెడుతుంది. డెబియన్ కెర్నల్ టిక్ (గడియారం అడుగు) సెకనుకి 250 సార్లు, అంటే ఆ సమయం 4 మిల్లీసెకన్లకోసారి గానీ ముందుకు జరగదు. ఆ 4 మిల్లీసెకన్లలో రెండుసార్లు రాసి, రెండింటికీ సైజు ఒకటే అయి, మధ్యలో క్లయింట్ చదివి ఉంటే, రెండో రాత దానికి ఎప్పటికీ తెలియదు. ఈఎక్స్‌టీ3 లాంటి వాటిలో అయితే ఆ సందు ఏకంగా ఒక సెకను.

వెర్షన్ 4లో ఇందుకోసమే ఛేంజ్ ఆట్రిబ్యూట్ (ప్రతి మార్పుకీ మారే విలువ) అని వేరుగా పెట్టారు. ఇప్పుడున్న కెర్నళ్లలో ఈఎక్స్‌టీ4 దానికి లెక్కింపు సంఖ్య ఇస్తుంది. వీలైతే 4.2కి మారండి. 4.0 వద్దు, అందులో సర్వర్ క్లయింట్‌కి వెనక్కి వేరే కనెక్షన్ తెరవాలి, ఫైర్‌వాల్ అడ్డొస్తే డెలిగేషన్లు (ఫైల్‌ని తాత్కాలికంగా క్లయింట్‌కి అప్పగించడం) ఇవ్వదు. 4.1 నుంచి వెనక్కి మాట్లాడటం కూడా అదే కనెక్షన్‌లో, పోర్టు 2049 ఒక్కటి చాలు.

గోదారి_అడ్మిన్ · పోస్టు 17

చేసిన మార్పులు: డెమన్‌లో ఓపెన్, ఎఫ్‌స్టాట్. సెట్టింగ్స్‌కి అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్, ఎఫ్‌సింక్, రీనేమ్. క్యూకి విడి ఎక్స్‌పోర్ట్ ఇచ్చి, మౌంట్‌లో లుకప్‌క్యాష్=పాజిటివ్. క్లీనప్‌ని నోడ్ 3కే మార్చి, పని అయిపోయిన ఫోల్డర్‌లోవి మాత్రమే, అదీ 2 గంటలు దాటినవే చెరిపిస్తున్నాను. ఎక్స్‌పోర్ట్స్‌లో ఎంపీ. సర్వర్‌ని రెండుసార్లు రీబూట్ చేసి చూశాను, మౌంట్లు తమంతట తామే కోలుకున్నాయి. 4.2కి వచ్చే మెయింటెనెన్స్‌లో మారుస్తాను.

చివరిగా ఒకటి: మూడు నోడ్లూ షేర్‌లోని ఒకే లాగ్ ఫైల్‌కి చివర్లో చేర్చుతూ రాస్తున్నాయి. కొన్ని లైన్లు మాయమై, వాటి చోట సున్నా బైట్లు కనిపిస్తున్నాయి. ఇది కూడా క్యాషేనా?

పాత_పెంగ్విన్ · పోస్టు 18

క్యాష్ గడువులతో తీరేది కాదిది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ‘చివర చేర్చు’ అనే ఆపరేషన్ లేదు. ఓ_అపెండ్‌తో తెరిచినా, ఫైల్ చివర ఎక్కడుందో క్లయింట్ తనకు తెలిసిన సైజుని బట్టి లెక్కేసి, ‘ఫలానా ఆఫ్‌సెట్‌లో (ఫైల్‌లో ఫలానా బైటు దగ్గర) రాయి’ అని పంపుతుంది. రెండు నోడ్లు ఒకే ఆఫ్‌సెట్ లెక్కేస్తే ఒకరి లైను మీద ఇంకొకరి లైను పడుతుంది. వెనక ఆఫ్‌సెట్‌లో రాత ముందు చేరి, దానికి ముందున్నది ఇంకా రాకపోతే మధ్యలో ఖాళీ సున్నాలుగా కనిపిస్తుంది.

ప్రతి లైనుకీ లాక్ పట్టుకుంటే సరిగ్గానే వస్తుంది గానీ లాగ్ వేగం పడిపోతుంది. ఫైల్ పేరులో హోస్ట్‌నేమ్ చేర్చి నోడ్‌కి ఒక లాగ్ పెట్టండి, ప్రతి లైను మొదట్లో సమయం ఉండేలా చూసి, చదివేటప్పుడు సార్ట్ కమాండ్ -ఎం ఆప్షన్‌తో కలుపుకోండి. సమయాలు కలవాలి కాబట్టి మూడు నోడ్లలోనూ, సర్వర్‌లోనూ క్రోనీసీ ట్రాకింగ్ (గడియారం తేడా చూపే కమాండ్) కొట్టి గడియారాల తేడా మిల్లీసెకన్లలోనే ఉందో లేదో చూడండి. నాలుగింటినీ ఒకే టైమ్ సర్వర్‌కి కలపండి.